తొడిమ ఉన్న కాయలు

ఇరవై ఒక్క రోజులంట! ముందు కాగితం మీద రాసిచ్చి, ఇరవై ఒక్క రోజులు చేతులు కట్టుకుని ఆగి, అప్పుడు పని మానుకోవాలంట! ఆ మాట అన్న అసెంబ్లీ పెద్దమనుషుల్ని ఒక్కసారి తీసుకొచ్చి మన చినరసం మామిడిచెట్టు కింద కూర్చోబెట్టాలిరా సలోమోనూ. రంగు తిరిగిన కాయ చూపించి, "బాబూ, మూడు వారాలు ఆగమని దీనికి మీరే చెప్పండి" అనాలి. ఆగుద్దా? నాలుగో రోజుకి కిందపడి పగిలిపోద్ది.

ఏంటలా రోడ్డుకేసి చూస్తావ్? బెజవాడ బస్సు ఇప్పుడప్పుడే రాదులే. ఆ సోడాకొట్టాయన్ని అడిగొచ్చా. ఏలూరు నుంచొచ్చే బస్సు ఎప్పుడూ ఆలస్యమేనంట. లేయా ఏదీ? నీళ్ళకెళ్ళిందా? మంచిది. కాసేపు అక్కడే ఉండనీ.

ఈ అక్కకి చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నావు కదూ? పొద్దున నీ ఇంటికొస్తే తలుపుకి తాళంకప్ప. పక్కింటి మంగమ్మ చెప్పింది, పెట్టె నెత్తిన పెట్టుకుని మొగుడూ పెళ్ళాం హనుమాన్ జంక్షనుకి బయల్దేరారని, నాగార్జునసాగరు డ్యాము పనికంట అని. వెంటనే బయల్దేరా. మన ఊరి నుంచి నూజివీడు దాకా ఎవరిదో ఎడ్లబండి, నూజివీడు నుంచి ఇక్కడి దాకా కాయల లారీ. ముందు కూర్చోనివ్వలా ఆ డ్రైవరు. వెనక గంపల మధ్యన ఇరుక్కుని వచ్చా. ముప్పై ఏళ్ళ నుంచీ గంపలు కడుతున్నదాన్ని, గంపతో పాటు లారీ ఎక్కడం ఇదే మొదలు.

డ్యాము కాడ రాళ్ళు మోస్తావా? చిటారుకొమ్మన ఉన్న కాయని కూడా గెడకున్న చిక్కంలోకి దించి, దెబ్బ తగలకుండా నా ఒళ్ళో పెట్టేవాడివే! పదూళ్ళలో అలాంటి కోతగాడు ఉన్నాడా? ఆ చేత్తో రాళ్ళు మోస్తావా?

సర్లే. ఇంక మాట్లాడను.

మాట్లాడకపోతే ఎట్టా చచ్చేది మరి! అసలు మనకెందుకురా ఆ అసెంబ్లీ? మన మానాన మనం ఉన్నవాళ్ళమే కదా. ఆ నారాయణరావుగారు, ఓట్లేసి గెలిపించాం కదా అని ఊరుకోక, సంఘానికి కబురెట్టాడు. "ఫ్యాక్టరీవాళ్ళకే ఉన్న సమ్మె హక్కు తోటల్లో పనిచేసేవాళ్ళకి కూడా వచ్చేటట్టు సభలో చట్టం పెడుతున్నారు. మీలో ఇద్దరు వచ్చి పైన గ్యాలరీలో కూర్చోండి, మిమ్మల్ని చూపించి మాట్లాడతాను" అన్నాడు. చూపించడానికంట! సంతలో గేదెల్ని చూపించినట్టు. కోతగాళ్ళ తరఫున నువ్వు, గంపలు కట్టే ఆడాళ్ళ తరఫున నేను. నీకు చదువొచ్చు, నాకు నోరొచ్చు అని పంపారు మనవాళ్ళు.

ఆ నోటితో అక్కడ ఏం చేశాను? ఏం లేదు. గ్యాలరీలో మాట్లాడకూడదు. నవ్వకూడదు. కాళ్ళు చాపకూడదు. నా వక్కాకు సంచి కూడా గుమ్మం దగ్గరే లాగేసుకున్నాడు బంట్రోతు. కింద వాళ్ళు మాత్రం ఎంతైనా అరుచుకోవచ్చు. బతుకు మనది, మాట్లాడేది వాళ్ళు.

ఒకాయన లేచి, "అధ్యక్షా, వీళ్ళు కార్మికులు కారు, కూలీలు" అన్నాడు. గుర్తుందా? నాకు ఒళ్ళు మండిపోయింది. గొట్టంలోంచి పొగ వస్తేనే కార్మికుడా? ఇదిగో, నా ముంజేతులు చూడు. కాయ కోసినప్పుడు కారే సొన పడి పడి, మంట లేకుండా కాలిపోయిన చేతులివి. వీటికేం పేరు పెడతాడు ఆ మహానుభావుడు?

ఇంకొకాయన ఇంకా తెలివైనవాడు. మామిడికాయ తొందరగా పాడైపోయే సరుకంట, అందుకని ఇలాంటి చోట సమ్మెకి గడువు ఇంకా ఎక్కువ ఉండాలంట. అబ్బబ్బ! పాడైపోద్ది కాబట్టే కదరా మన మాట ఎవడైనా వినేది! పాడవ్వని సరుకైతే మనం ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నా అడిగేదెవరు?

మంత్రిగారు మాత్రం నెమ్మదైన మనిషే. ఉన్న మాట చెప్పాలిగా. "మూడు వారాలుంటే ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవచ్చు, లేబరాఫీసరు వస్తాడు, గొడవ లేకుండా తేలుతుంది" అన్నాడు. వినడానికి ఎంత బాగుంది! పోయినేడు మనమూ అలాగే అనుకున్నాం.

ఏం, తప్పా? మీ బావ చెట్టు మీంచి పడ్డప్పుడు మనం చేసింది అదే కదా? కొమ్మ పుచ్చింది దొరా అని ముందే చెప్పాడు మీ బావ. "ఎక్కరా శ్రీరాములూ, ఏం కాదు" అన్నాడు వీరభద్రరావుగారు. ఆయనకేం కాలేదు, నిజమే. మీ బావకి తుంటి విరిగింది. నువ్వే కదా ఇంకో ముగ్గుర్ని కూడేసి మంచం మీద నూజివీడు ఆస్పత్రికి మోసింది. దారిలో ఒక్కసారి కూడా మంచం కింద పెట్టలేదని ఇప్పటికీ చెబుతాడు. వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతాడు.

అప్పుడు మనం అడిగిందేంటి? చెట్టు మీంచి పడితే ఆస్పత్రి ఖర్చు తోటవాళ్ళు పెట్టుకోవాలి. సొనకి చేతులకి రాసుకోను కొబ్బరినూనె ఇవ్వాలి. అంతే కదా! లేబరాఫీసరు ఎలా చెబితే అలా నోటీసు రాసిచ్చి ఇరవై ఒక్క రోజులు ఆగాం. వీరభద్రరావుగారు ఆగాడా? మర్నాటి నుంచే పచ్చికాయ దింపించడం మొదలెట్టాడు. ఎవరి చేత? మన చేతే! నోటీసు రోజుల్లో పని మానకూడదు కదా. నువ్వే కోశావు, నేనే కట్టాను. ఇరవై ఒకటో రోజున చెట్ల మీద ఆకులే మిగిలాయి. ఆయనే గేటు తీసి, "ఇంక చేసుకోండమ్మా మీ సమ్మె" అన్నాడు. ఆ నవ్వు నేను చచ్చినా మర్చిపోను.

అందుకేగా మూడు రోజులు కావాలన్నాం.

నారాయణరావుగారు ఆ రోజు బాగానే మాట్లాడాడు, పాపం. మీ బావ సంగతి చెప్పాడు. ఖాళీ తోట సంగతి చెప్పాడు. ఇరవై ఒకటి కొట్టేసి మూడు అని రాయండని సవరణ పెట్టి, చెయ్యెత్తి మనకేసి చూపించాడు. అంతమంది తలలు పైకెత్తి చూశారు. మంత్రిగారు ఏదో రాసుకుంటున్నాడు. నేను నీ చెయ్యి పట్టుకున్నా, గుర్తుందా? గెలిచాం రా అనుకున్నా. మీ బావకి వెళ్ళి ఎలా చెప్పాలో కూడా అనుకున్నా.

అప్పుడు లేచాడు ఆ కళ్ళజోడాయన.

 పొద్దున నారాయణరావుగారి క్వార్టర్సులో కాఫీ తాగుతూ కనబడ్డవాడే! పక్కింట్లో ఉంటాడంట, ఆయనకీ తోటలున్నాయంట. మనం గంప దించగానే ఏమడిగాడు? "ఎక్కడివబ్బాయ్ కాయలు?" అన్నాడు. నువ్వు ఎంత దర్జాగా చెప్పావు! "రాలుకాయలండీ. గాలికి రాలిన కాయ కూలీది, తాతల్నాటి పద్ధతండీ. మా హక్కు కాయలే మా మెంబరుగారికి తెచ్చామండీ, యజమాని కాయ ఒక్కటి కూడా ముట్టలేదండీ" అన్నావు. నారాయణరావుగారు మురిసిపోయాడు. గంప విప్పించాడు. అందరికీ తలో కాయ ఇచ్చాడు. ఆ కళ్ళజోడాయన రెండు తిన్నాడు. చేతులు కూడా నాక్కున్నాడు.

తిన్నవాడు తిన్నట్టు ఉండాలి కదా! సభలో లేచి ఏమన్నాడు? "అధ్యక్షా, రాలిన కాయకి తొడిమ ఉంటుందా?" అన్నాడు.

సగం మందికి అర్థం కాలా. తోటలున్నవాళ్ళకి అర్థమైంది. వాళ్ళు నవ్వారు. తర్వాత ఆయనే విప్పి చెప్పాడు. పండి రాలే కాయ తొడిమని చెట్టుకే వదిలేసి రాలుద్ది, కోతగాడు కోసిన కాయకే తొడిమ ఉంటది, పొద్దున తను తిన్నవాటికి రెండేసి వేళ్ళ పొడుగు తొడిమలున్నాయి, అవి రాలుకాయలని చెప్పిన మనిషి ఆ పైన కూర్చున్నాడు, అని. "పనిలో ఉండగానే యజమాని కాయ కోసి హక్కంటున్నారు. మూడు రోజుల్లో సమ్మె చేసుకోమంటే చెట్టు మీద పిందైనా మిగుల్తుందా?" అన్నాడు. ఇంక చూడు నవ్వులు! బల్లలు బాదుతున్నారు. నారాయణరావుగారు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కాగితాలు సర్దుకున్నాడు. మంత్రిగారు కలం మూత పెట్టేశాడు.

నీ మీద పడి నవ్వారురా, అంతమంది. నువ్వేమో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నావు.

ఆ తర్వాత అవునన్నవాళ్ళు అవునన్నారు, కాదన్నవాళ్ళు కాదన్నారు. కాదన్నవాళ్ళ గొంతే పెద్దది. సవరణ పోయింది. చట్టం మాత్రం వచ్చింది. ఇచ్చారుగా మనకి హక్కు! చెట్లు ఖాళీ అయ్యాక సమ్మె చేసుకునే హక్కు. పటం కట్టించి పాకలో పెట్టుకోవాలి.

ఏంటి? నీకు నవ్వొచ్చిందా? హమ్మయ్య. పొద్దుట్నుంచి ఇప్పుడే నీ మొహం కదిలింది.

కానీ మనవాళ్ళ సంగతి చెప్పు. మనవాళ్ళే కదా! అసెంబ్లీ వాళ్ళంటే సరే, తోటలున్నవాళ్ళు. సంఘం ప్రెసిడెంటు పోతురాజుకి ఏం తోటలున్నాయి? మనం రైలు దిగి ఊళ్ళోకి రాగానే పంచాయితీ పెట్టాడు. కబురు మనకంటే ముందొచ్చింది మరి. "సలోమోనూ, రాలుకాయలకి తొడిమలు ఎట్టా వచ్చాయి?" అని అడిగాడు. నువ్వు, "నేనూ లేయా ఏరినవి రాలుకాయలే" అన్నావు. "మరి తొడిమలు?" అన్నాడు. తల దించుకున్నావు. అంతే, తేలిపోయింది. ఊరందరి నోట్లో మన్ను కొట్టినవాడివి నువ్వే అయ్యావు. వీరభద్రరావుగారేమో పెద్దమనిషి తరహాలో, "దొంగెవరో తెలిసింది చాలు, కేసు పెట్టను, నా తోటలోకి రాకుంటే చాలు" అన్నాడు. ఆయన తోటలోకి రానివ్వని మనిషిని రెడ్డిగూడెంలో పిలుస్తారా, ఆగిరిపల్లిలో పిలుస్తారా?

నీకు నోరు లేదా? ఒక్కమాట గట్టిగా అనలేకపోయావా? "నేను కాదు" అని ఊరుకుంటారా ఎవరైనా? "నేను కాదు, ఫలానా వాళ్ళు" అనాలి కదా! ఎందుకు ఊరుకున్నావు? నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో తెలుసా? నువ్వలా ఊరుకోబట్టే కదా...

ఊరుకోబట్టే.

లేయా ఇంకా రాలేదు కదా? సరే.

ఆ కాయలు నేను కోశాన్రా.

అలా చూడకు. చూడు, చూస్తే చూడు, కానీ చెప్పనీ. నువ్వూ లేయా గంపకి కాయలు ఏరుకొచ్చి నా ముందు పోసి వెళ్ళారు. ఒక్కోటీ చేతిలోకి తీసుకున్నా. ఒకదానికి మూతి చితికింది, ఒకదానికి పక్క నల్లబడింది. తొడిమ లేని మూతిలోంచి సొన కారి కాయంతా మచ్చలు. అలాంటి కాయని ముప్పై ఏళ్ళలో ఒక్కదాన్ని నా గంపలోకి రానివ్వలా నేను. నువ్వు కోసిన కాయైనా సరే, తొడిమ లేకపోతే తీసి అవతల పెట్టేదాన్ని కదా? నీతో ఎన్నిసార్లు తగువాడలా?

సిగ్గేసింది తమ్ముడూ. హైదరాబాదులో పెద్దమనుషుల ముందు నా చేతి కట్టు విప్పితే, లోపల ఈ దెబ్బకాయలా అని. కనకమ్మ కట్టిన గంపా ఇది అంటారని. అక్కడ కనకమ్మ ఎవరో ఎవడికి తెలుసు? ఒక్కడికీ తెలీదు. అయినా సిగ్గేసింది.

మధ్యాహ్నం కావలివాడు అన్నానికి వెళ్ళాడు. మోటారు కొట్టం పక్కన ఆ పెదరసం చెట్టుంది కదా, చిక్కం తీసుకుని దాని కిందకెళ్ళా. రంగు తిరిగినవి, ఇరవై కాయలు. ఒక్కోటీ ఎలా ఉందనుకున్నావ్! తొడిమ రెండు వేళ్ళు ఉంచి కోశా, సొన కారకుండా. దొంగతనం చేసేదాన్ని కదా, తొడిమలైనా తుంచెయ్యాలని తోచాలా వద్దా? తోచలా. చేతి అలవాటు. గంప నింపి, గడ్డి పరిచి, మూతికి గోనెపట్టా కుట్టేసి నీ నెత్తికెత్తా. "బరువు ఎక్కువుందేంటక్కా" అన్నావు కూడా. "హక్కు బరువురా" అన్నా. నవ్వుకున్నాం.

నువ్వేరిన కాయలు ఏం చేశాననుకున్నావ్? ఇంట్లో గడ్డిలో మాగబెట్టా. మీ బావా నేనూ తిన్నాం. మచ్చలైతే ఉన్నాయి గానీ ఎంత తీపో.

నీకు తెలుసు కదూ? కాదనకు. క్వార్టర్సులో గంప విప్పగానే నువ్వు ముందు కాయని చూశావు, తర్వాత తొడిమని చూశావు, తర్వాత నన్ను చూశావు. నీ నోటివెంట అప్పుడే ఆ రాలుకాయల మాట వచ్చేసింది, వెనక్కి తీసుకోలేవు. సభలో ఆయన అడిగినప్పుడూ తెలుసు. సంఘంలో పోతురాజు అడిగినప్పుడూ తెలుసు. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడ మారతాయి గంపలో కాయలు?

ఎందుకు చెప్పలా? మీ బావ కోసమా? మా పేరు బయటపడితే వీరభద్రరావుగారు తోటలో పాక ఖాళీ చేయిస్తాడనా? మంచం మీదున్న మనిషిని తీసుకుని నేనెక్కడికి పోతాననా? ఆ మంచం నువ్వు ఒకసారి మోశావు, చాల్లేదా? ఇంకోసారి మొయ్యమని నిన్ను ఎవరడిగారు?

నేనే అడిగానేమో. నోటితో అడగలా, అంతే.

సంఘంలో రెండుసార్లు లేచాన్రా. ఒట్టు. మొదటిసారి లేస్తే, "ఏంటి కనకమ్మా?" అన్నాడు పోతురాజు. మంచినీళ్ళు కావాలన్నా. రెండోసారి లేచి కొంగు సర్దుకుని మళ్ళీ కూర్చున్నా. నోరున్నదాన్నని పంపారు నన్ను హైదరాబాదుకి!

ఇప్పుడు వెనక్కెళ్ళి చెబుతానా అంటావా? లారీలో వస్తున్నంతసేపూ చెబుతాననే అనుకున్నా. నిన్ను చూశాక... అబద్ధం ఎందుకులే. చెప్పనేమోరా. పొద్దున్నే మీ బావ మొహం చూస్తే చెప్పలేను. నీకొక్కడికే చెప్పడానికి వచ్చా. తెలిసినవాడికే చెప్పడానికి ఇంత దూరం వచ్చా, చూడు నా ధైర్యం! అసెంబ్లీలో వాళ్ళని తిట్టుకున్నా, పోతురాజుని తిట్టుకున్నా, నిన్ను కూడా తిట్టా. నాలుగు తిట్లు తిట్టాక గానీ నా నోటికి నా సంగతి రాలా.

 తిట్టు. కనీసం కోప్పడు.

అదిగో, బస్సు. వచ్చేసింది అనుకోకుండా. లేయా కూడా పరిగెత్తుకొస్తోంది. లేయా, నెమ్మదే, ఆపుతాడులే! పెట్టె నేను పట్టుకుంటా, నువ్వెక్కు ముందు.

ఇదిగో సలోమోనూ, ఈ మూట తీసుకో. దారిలో తినండి. చినరసాలే. నిన్న సాయంత్రం గాలికి రాలినయ్యి. నేనే వంగి ఏరా, ఒక్కోటీ. తీసుకోరా. చెయ్యి చాపవేంటి? బస్సు వెళ్ళిపోతోంది.

సరే, నువ్వైనా పట్టుకో లేయా. కిటికీలోంచి అందుకో తల్లీ. అదీ.

ఇప్పుడే విప్పుతావేంటే? బస్సు కదులుతుంటే కిందపడిపోతాయ్, తర్వాత తిందువుగాని...

ఓ. తినడానికి కాదా.

చూడు తల్లీ, చూసుకో. ఒక్కోటీ తిప్పి చూసుకో. ఈసారి వేటికీ తొడిమల్లేవు.